మూడు చుక్కలు, ఒక అడ్డగీత

మనోరమ గడప ముందే ఆగిపోయింది. ద్వారానికి రెండు వైపులా వేపమండలు కట్టి ఉన్నాయి. వదిన అనసూయమ్మ చేయి అడ్డం పెట్టి నిలబడింది.

"లోపలికి రాకు మనోరమా. అత్తమ్మకు తల్లి పోసింది."

పొద్దున బండి వికారాబాదులో ఎక్కి తాండూరులో దిగి, స్టేషన్ నుంచి నడిచి వచ్చిన మనిషికి ఇంటివాళ్లు చెప్పిన మొదటి మాట ఇది. నిన్న సాయంత్రమే ఆమె వికారాబాదు దవాఖానలో తన వార్డును మరో డాక్టరమ్మకు అప్పగించి వచ్చింది. ఇవాళ గురువారం. సాయంత్రం ఐదున్నర బండి ఎక్కాలి. శనివారం పొద్దున బొంబాయిలో సంతకం పెట్టకపోతే, కాంగో దేశానికి పోయే వైద్య బృందంలో ఆమె చోటు వేరొకరికి పోతుంది. ఆ వేరొకరు కూడా పెట్టె సర్దుకుని కూర్చున్నారని ఉత్తరంలో మర్యాదగానే రాశారు.

అనసూయమ్మ చెడ్డది కాదు. కానీ ఆచారం చెప్పేటప్పుడు ఆమె గొంతుకు ఎక్కడలేని బలం వస్తుంది. మంగళవారం నుంచి ఇంట్లో తాలింపు లేదని, చాకలికి బట్టలు వేయలేదని, ఇంటి మనిషి ఎవరూ ఊరి పొలిమేర దాటలేదని ఒక్కొక్కటే చెప్పింది. తల్లి ఉన్న ఇంట్లో అడుగు పెట్టినవాళ్లు ఆ అమ్మవారిని సాగనంపేదాకా, అంటే పదకొండు రోజులు, ప్రయాణం కట్టకూడదు.

"లోపలికొస్తివా, నీ పోవుడు ఆగినట్టే. నా మీద వేసుకోకు" అంది.

మనోరమ పెట్టె లోపలే ఉంది. ఆదివారం వచ్చి తానే సర్ది, అత్తమ్మ మంచం కింద పెట్టి వెళ్లింది. నాలుగు తెల్లకోట్లు, ఆరు చీరలు, పాస్‌పోర్టు అన్నీ అందులోనే. అయినా ఆ నిమిషంలో పెట్టె గుర్తుకు రాలేదు. లోపల తనను పెంచిన మనిషి పొక్కులతో పడుకుని ఉంటే గడప అవతల నిలబడటం ఆమెకు చేతకాదు. వదిన చేయి కింది నుంచి వంగి లోపలికి వెళ్లిపోయింది.

అనసూయమ్మ "అయిపాయె" అనుకుంటూ చేతిలోని మండను కూడా ద్వారానికి దోపింది.

గోవిందమ్మ గోడ వైపు తిరిగి, తల మీదుగా దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆమె మనోరమకు మేనత్త. భర్త పోయాక కొడుకును వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చింది. వచ్చిన రెండేళ్లకే మనోరమను కన్నామె చనిపోతే మనోరమను, ఆమె అన్న రాజేందర్‌ను తన కొడుకుతో పాటే పెంచింది. ఇంట్లో ఆమె మాట దాటిన వాళ్లు లేరు. మొట్టమొదటిసారి దాటబోయింది మనోరమే. అందుకే కాంగో మాట ఎత్తిన రోజు నుంచి, మూడు వారాలుగా, ఆమె మేనకోడలితో మాట్లాడటం లేదు.

"అత్తమ్మా, చెయ్యి ఇయ్యి."

మనోరమ దుప్పటిలోకి చేయి పోనిచ్చి నాడి పట్టుకుంది. నాడి తొందరపడటం లేదు. ఒళ్లు చల్లగా ఉంది. కిటికీ రెక్క తెరిచి దుప్పటి మెల్లగా తీసింది.

కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. నుదుటి మీద ఒక చార, ఎడమ చెంప మీద ఒక చార, చెమట తుడుచుకున్న చోట తుడుచుకున్నట్టే. వీపు మీద లేవు, కాళ్ల మీద లేవు. పైగా గోవిందమ్మ ముఖం నిండా చిన్నప్పటి స్ఫోటకం మచ్చలున్నాయి. ఆ మచ్చలు చూసి చూసి ఇంట్లో వాళ్లకు అవి కనబడటం ఎప్పుడో మానేశాయి. ఒకసారి వచ్చి పోయిన తల్లి ఆ ఒంటికి మళ్లీ రాదన్న సంగతి కూడా ఎవరికీ తట్టలేదు.

గోళ్ల సందుల్లో నల్లటి మరకలు ఉన్నాయి. ఆ నలుపు ఏమిటో మనోరమకు వెంటనే తెలిసింది. వికారాబాదు దవాఖానకు నెలకు ఒకరిద్దరు చాకలివాళ్లు ఇవే పొక్కులతో వస్తారు. అది జీడి. బట్టల మీద గుర్తు పెట్టడానికి సూదితో పొడిచే నల్ల జీడిగింజ రసం. ఒంటికి తగిలితే కాల్చినట్టు పొక్కుతుంది.

ఆమెకు కోపం వచ్చింది.

"ఇది తల్లి కాదు. జీడి. నీకు తెలుసు" అంది.

గోవిందమ్మ కళ్లు మూసుకుంది.

"నన్ను ఆపేతందుకు నీ ఒళ్లు నువ్వే కాల్చుకున్నవా అత్తమ్మా? ఎదురుగ నిలబడి పోవద్దనవచ్చు గద."

"అన్న. నువ్వు వింటివా?"

మూడు వారాలకు పెదవి విప్పి అన్నది ఆ రెండు ముక్కలే. మళ్లీ గోడ వైపు తిరిగింది. మనోరమ కొబ్బరినూనె తెచ్చి వేళ్లకు రాసింది. కోపంగా ఉన్న చేయి మెత్తగా పనిచేయడం చాలా కష్టమైన పని, డాక్టర్లకు కూడా.

మధ్యాహ్నం భోజనానికి రాజేందర్ పప్పుమిల్లు నుంచి వచ్చాడు. చెల్లెలు లోపల కనబడగానే అతని ముఖం తెల్లబోయింది. విషయం విని ఇంకా తెల్లబోయింది. కాళ్లు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

రాజేందర్ మంచివాడు. తొందరపాటు ఒక్కటే అతని జబ్బు. మంగళవారం భార్య "తల్లి పోసింది" అని కేక వేసింది. బుధవారం పొద్దున అతను స్టేషన్‌కు పోయి బొంబాయికి టెలిగ్రాం కొట్టించాడు. ఇంట్లో స్ఫోటకం వచ్చింది, డాక్టరు మనోరమ రావడం లేదు అని. చెల్లెలి కోసం వేచి చూసేవాళ్లకు ఇబ్బంది కలగకూడదని అలా చేశాడట.

"నన్ను అడగకనే?" అంది మనోరమ.

"అడిగితే నువ్వు పోత అంటవు. ఇంట్ల తల్లి ఉండంగ నిన్నెట్ల పోనిస్త?"

స్ఫోటకం ఉన్న ఇంటి మనిషిని వైద్య బృందంలో ఎవరూ చేర్చుకోరు. చేర్చుకుంటే వాళ్లు వైద్యులే కారు. ఆ సంగతి అందరికంటే మనోరమకే బాగా తెలుసు. ఆమె నీళ్ల గోళెం పక్కన చాలాసేపు నిలబడింది. ఏడవలేదు కానీ ఏడవడానికి తక్కువ కూడా లేదు. కాంగో దేశాన్ని ఏలినవాళ్లు పోతూ పోతూ తమ డాక్టర్లను కూడా తీసుకుపోయారట. లక్షమందికి ఒక డాక్టరు కూడా లేని జిల్లాలున్నాయని ఉత్తరంలో రాశారు. ఆ వాక్యం ఆమెకు నోటికి వచ్చేసింది.

అప్పుడే పెరటి గోడ అవతల నుంచి చాకలి బుగ్గమ్మ పిలిచింది. తల్లి ఉన్న ఇంట్లోకి రాకూడదు కాబట్టి గోడ మీదుగా తల మాత్రమే కనబడుతోంది.

"డాక్టరమ్మా, పెద్దమ్మకెట్లుంది? నాకు మనసు పడ్తలేదు. నేనే జీడిగింజలిచ్చిన."

"నువ్వా? ఎందుకిచ్చినవ్?"

"అడిగింది, ఇచ్చిన. సోమవారం నాడు. గుర్తులు నేను పెడ్త, నీకు చాతకాదు, జీడి పొక్కుతది అని చెప్పిన. వినలే. నేనే పెట్టుకోవాలె బుగ్గీ, ఎవలకు చెప్పకు అన్నది. మీ ఇంటి గుర్తు మల్లొకసారి గీసి చూపియ్యమన్నది. మూడు చుక్కలు, కింద అడ్డగీత."

మనోరమ వినడం ఆపేసింది. గబగబా లోపలికి వెళ్లి, మంచం కింది పెట్టెను బయటికి లాగింది. గోవిందమ్మ ఒక్కసారిగా లేచి కూర్చుని పొక్కిన చేతితోనే మూత పట్టుకోబోయింది. అప్పటికే మూత తెరుచుకుంది.

పైనున్న తెల్లకోటు కాలరు లోపల, మూడు నల్లచుక్కలు, కింద ఒక అడ్డగీత. రెండో కోటుకు అదే గుర్తు. మూడో దానికి. చీరల చెంగు మూలల్లో, తువ్వాళ్ల మీద, చివరికి జేబురుమాళ్ల మీద కూడా. చుక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గీతలు వంకర. సూది పట్టడం అలవాటు లేని చేయి ఎంత కష్టపడిందో ఒక్కొక్క గుర్తులో కనబడుతోంది.

మనోరమ కోటు ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

ఆ గుర్తు ఆ ఇంటికి ఏమిటో చెప్పాలి. పన్నెండేళ్ల కింద, రజాకార్ల రోజుల్లో, గోవిందమ్మ ఒక్కగానొక్క కొడుకు జనార్దన్ పది రోజుల్లో వస్తానని చెప్పి తాండూరు స్టేషన్‌లో బండి ఎక్కాడు. సరిహద్దు దాటి షోలాపూర్ వైపు, రజాకార్లను ఎదిరించేవాళ్ల క్యాంపులో చేరాడు. ఇంటి మీదికి ఎవరూ రాకూడదని అక్కడ మారుపేరు చెప్పాడు. క్యాంపులో కలరా వచ్చింది. ఎక్కడి నుంచో వచ్చిన ఒక డాక్టరు, తెలుగు రాని మనిషి, మూడు రోజులు అతని పక్కన కూర్చున్నాడట. బతికించలేకపోయాడు. ఎవరి పిల్లవాడో తెలియక, చివరికి అతని తువ్వాలు మీది చాకలి గుర్తు చూశాడు. ఆ తువ్వాలు క్యాంపు చాకలి చేతికిచ్చి, ఈ గుర్తు ఎవరిదో కనుక్కోమని అడిగాడు. ఒక చాకలి నుంచి ఇంకొక చాకలికి, గుల్బర్గా మీదుగా, వాడి జంక్షన్ మీదుగా, నాలుగు నెలలకు ఆ తువ్వాలు బుగ్గమ్మ చేతికి వచ్చింది. ఇది మీ ఇంటి గుర్తే అని ఆమె గుండెలు బాదుకుంటూ పట్టుకొచ్చింది.

జనార్దన్‌కు మనోరమ అని ఆ ఇంట్లో ఎప్పుడో అనుకున్నారు. ఆ తువ్వాలు వచ్చిన ఏడే మనోరమ డాక్టరు చదువుతానంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

"ఎందుకు పెట్టినవ్ అత్తమ్మా?" అని మనోరమ ఇప్పుడు అడిగింది. గొంతులో కోపం మిగల్లేదు.

గోవిందమ్మ పొక్కిన వేళ్లను ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

"వాడు రాలే బిడ్డా. తువ్వాల వచ్చింది. గది గూడ రాకపోతే ఇయ్యాల్టికి గూడ తలుపు దిక్కే చూస్తుంటి" అంది చివరికి. "నువ్వు పొయ్యే దేశంల మన మాట ఎవలకొస్తది? నీ పేరు ఎవలకు తెలుస్తది? గుర్తన్న ఉండాలె అనుకున్న."

"అంటే నేను పోత అని నీకు తెలుసు."

"తెల్వకేం. నా చేతుల పెరిగినవ్."

"మరి బుగ్గమ్మతో పెట్టియ్యరాదా?"

"బుగ్గి పెడితే తెల్లారేసరికి బజారంత తెలుస్తది. గోవిందమ్మ ఒప్పుకున్నదంట అంటరు. మూడు వారాల సంది పంచాయితి పెట్టుకున్న నా మొకం యాడ పెట్టుకోవాలె?"

మనోరమకు నవ్వు వచ్చింది. నవ్వుతో పాటే కన్నీళ్లు కూడా వచ్చాయి. రెండింటిలో దేన్నీ దాచుకోలేదు.

"పొక్కులెక్కినంక జీడి అని చెప్పరాదా?"

ఇదే అసలు ప్రశ్న. పెరట్లో బుగ్గమ్మ ఇంకా గోడ పట్టుకునే ఉంది. తలుపు దగ్గర రాజేందర్, అనసూయమ్మ నిలబడ్డారు.

"అనసూయ తల్లి పోసిందని మొత్తుకునె. చెప్దామని నోరు తెరిచిన. గంతల, తల్లే ఆపుతుందేమో, నా మీద మాట లేకుంట అది ఉండిపోతదేమో అనిపించె. నోరు మూసుకున్న" అంది గోవిందమ్మ. "నేను చేసింది తప్పు. తల్లి పేరు మీద చేసిన, ఇంక పెద్ద తప్పు. కానీ పోవద్దనే బుద్ధి నాదే, గుర్తు పెట్టిన చెయ్యి నాదే. ఏది ఇడిచిపెట్టాలె?"

మనోరమ మంచం అంచున కూర్చుని అత్తమ్మ మోచేతి దగ్గర, పొక్కులు లేని చోట, చేయి వేసింది. మూడు వారాల నుంచి ఇద్దరికీ కావలసింది అదే.

అయితే బొంబాయికి పోయిన టెలిగ్రాం అలాగే ఉంది. ఆ మాట రాజేందర్ తలుపు దగ్గర నుంచి గొణిగాడు. గోవిందమ్మకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. విన్నదే తడవు మంచం దిగింది.

"ఏం నిలబడ్డవ్ రాజేందర్? ఇంకో తార్ కొట్టు. తల్లి కాదు, ముసల్దాని తిక్క అని రాయి. నడువుండ్రి. నేను గూడ వస్త."

వేపమండలు ఆమే తీసింది. తీసి పారేయలేదు, కళ్లకద్దుకుని తులసి కోట దగ్గర పెట్టింది. అమ్మవారితో తన లెక్క తాను తర్వాత తేల్చుకుంటానంది.

రాజేందర్ ముందే స్టేషన్‌కు పరిగెత్తాడు. వెనుక మనోరమ, గోవిందమ్మ, తల మీద పెట్టెతో బుగ్గమ్మ బయలుదేరారు. గోవిందమ్మకు తల్లి పోసిందని తాండూరు బజారుకు రెండు రోజుల కిందే తెలుసు. ఆమె నడిచి వస్తుంటే జనం రెండు వైపులా తప్పుకుని దండాలు పెట్టారు. కిరాణా దుకాణం ముందు ఒకావిడ చెంబెడు నీళ్లు తెచ్చి కాళ్ల మీద పోయబోయింది.

"తల్లి లేదు, ఏం లేదు, జీడి పొక్కింది" అని గోవిందమ్మ కసిరింది. ఆవిడ వినలేదు. పోయాలనుకున్న నీళ్లు పోసే పోయింది.

స్టేషన్ మాస్టర్ వెంకటేశ్వర్ కలం పట్టుకుని కూర్చుని ఉన్నాడు. జీడిని ఇంగ్లీషులో ఏమంటారో రాజేందర్‌కు తెలియదు, ఆయనకూ తెలియదు. మనోరమ కాగితం తీసుకుని తానే రాసింది. స్ఫోటకం కాదు, బట్టల గుర్తు రసం వల్ల పొక్కులు, నేనే పరీక్షించాను, బయలుదేరుతున్నాను, జవాబు తాండూరు స్టేషన్‌కు ఇవ్వండి. అప్పటికి మూడుంబావు. ఐదుంబావు దాకా జవాబు రాలేదు.

గోవిందమ్మ ప్లాట్‌ఫారం మీద పెట్టె పక్కన కూర్చుంది. పన్నెండేళ్లుగా ఆమె ఈ స్టేషన్‌లో అడుగు పెట్టలేదు. వికారాబాదు పోవాలన్నా ఎడ్లబండే కట్టించేది. ఇప్పుడు పట్టాలు ఏ వైపు పోతున్నాయో అటే చూస్తూ కూర్చుంది.

"జవాబు రాకపోతే ఎట్ల అత్తమ్మా?" అంది మనోరమ.

"రాకపోతే గాడికి పోయి అడుగు. నీకు నోరు లేదా?"

కొంగు చాటు నుంచి ఒక కాగితం పొట్లం తీసి మేనకోడలి ఒళ్లో పెట్టింది. లోపల నారాయణపేట చీర, ఆకుపచ్చది, ఎర్ర అంచు. పన్నెండేళ్ల కిందటి మడతలు. అది ఎందుకు కొన్నదో ఇద్దరికీ తెలుసు. మనోరమ చెంగు మూల తిప్పి చూసింది. రెండో మూల కూడా చూసింది.

"దీనికి గుర్తు పెట్టుడు మర్చినవ్."

"మరువలే" అంది గోవిందమ్మ. "గది నువ్వు మర్లి ఈ స్టేషన్‌ల దిగే నాడు కట్టుకునేది. గా దినం నిన్ను గుర్తుపట్టనీకి నేనుంట. దానికి జీడి ఎందుకు?"

మనోరమ చీరను పెట్టెలో పెట్టలేదు. చేతిసంచిలో పెట్టుకుంది.

బండి వచ్చింది. రాజేందర్ పెట్టె ఎక్కించాడు. మనోరమ కిటికీ దగ్గర కూర్చుంది. అత్తమ్మ ఎడమచేయి కిటికీ ఊచలను పట్టుకుంది, కుడిచేయి దూది చుట్టుకుని గుండె మీద ఉంది. గార్డు పచ్చజెండా తీస్తుండగా స్టేషన్ మాస్టర్ తన గదిలోంచి వడివడిగా వచ్చాడు. బొంబాయి నుంచి జవాబు వచ్చిందని, డాక్టరమ్మ బండి ఎక్కేసింది కాబట్టి పెద్దావిడకే ఇస్తున్నానని కాగితం గోవిందమ్మ చేతిలో పెట్టాడు. ఆయన ముఖం చూసి అందులో ఏముందో చెప్పడం ఎవరి వల్లా కాదు.

గోవిందమ్మకు చదువు రాదు. కాగితాన్ని ఒకసారి అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. నాలుగు మడతలు పెట్టి నడుము దగ్గర చీరలో దోపుకుంది.

"ఏమొచ్చింది అత్తమ్మా?" అని కిటికీలోంచి మనోరమ అడిగింది.

"పైలం బిడ్డా. వేళకు తిను" అంది గోవిందమ్మ.

బండి కదిలింది. కిటికీ ఊచల నుంచి చేయి తీసి, కనుచూపు ఆనినంత దూరం ఆమె అటే చూసింది. రాజేందర్ పక్కకు వచ్చి, చేయి చాపాడు.

"గా కాగితం ఇటియ్యి అత్తమ్మా. చదువుత."

"బండి వాడి జంక్షన్ దాటనియ్యి" అంది గోవిందమ్మ. "గప్పుడు చదువు."